ఆకు కదలని గాలి

తిరుపతి,
ఫిబ్రవరి 8, ఆదివారం.

అమ్మకు గ్రేసీ వందనాలు.

ప్రభువు దయవల్ల నాయనా, చిన్నమ్మా, నేనూ ముగ్గురం బాగున్నాం. ఇది మర్యాదకు రాస్తున్న మాట కాదమ్మా. ఈసారి ఒక్కొక్కరినీ తలుచుకుని, బాగున్నారా అని నన్ను నేనే అడిగి, బాగున్నారని తేల్చుకున్నాకే రాస్తున్నాను. నువ్వు బాగున్నావని నీ అక్షరాలు చూస్తే తెలిసింది. కిందటి ఉత్తరంలో వరసలు కిందికి జారిపోతూ ఉండేవి. ఈసారి నిటారుగా నిలబడ్డాయి. చేతి నొప్పి తగ్గినట్టుంది.

నీ ఉత్తరం రాజశ్రీ అక్క పోయిన నెల ముప్పైన తెచ్చి ఇచ్చింది. ఆమె ఈ పన్నెండున మళ్లీ కువైట్ విమానం ఎక్కుతుంది కాబట్టి నా జవాబు ఆమె సంచిలోనే వస్తుంది. దాంతోపాటు నిమ్మకాయ ఊరగాయ, ఉలవలు, చిన్నమ్మ చేసిన మురుకులు పంపిస్తున్నాను. మురుకులు పైన పెట్టమని రెండుసార్లు చెప్పాను. నలిగి వస్తే నన్ను తిట్టొద్దు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నాయన బీపీ మాత్రలు మానకుండా వేసుకుంటున్నాడు. రేణిగుంట గోదాములో ఆయనకు పగటి షిఫ్టు ఇచ్చారు, అందుకే మొహం తేటపడింది. "నేను గుర్రం మాదిరి ఉండానని మీ అమ్మకు రాయి" అన్నాడు. గుర్రమంత కాదు గానీ మెట్లెక్కితే ఆయాసపడటం మానేశాడు. నేను చిక్కిపోయానని ఫొటో చూసి బాధపడ్డావు. చిక్కలేదమ్మా, సన్మానంలో అంత పెద్ద శాలువా కప్పితే ఎవరి తలైనా చిన్నగానే కనబడుతుంది.

ఆ శాలువా గురించే నువ్వు ఒక పేజీ రాశావు. "సూర్యుడి నుంచి గాలి వస్తుందంటే ఇక్కడ ఎవురూ నమ్మడం లేదు. ఆ గాలి మొగానికి తగుల్తాదా? ఇక్కడి మాదిరి దుమ్ము లేస్తాదా? అంత దూరంలో జరిగేది నువ్వు తిరుపతిలో కూర్చోని ఎట్ల చెప్పినావు? అన్నీ రాయి. శుక్రవారం ప్రార్థన అయినాక అందరికీ సదివి వినిపిస్తా" అన్నావు. అన్నీ రాస్తాను. కానీ ఈ ఉత్తరం మొదట నువ్వొక్కదానివే చదువుకో. చిన్నమ్మ మందు కొట్టే డ్రోను కింద పడకుండా కాపాడింది నా మాటేనని నువ్వు అందరికీ చెబుతున్నావు. అందులో నేను నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటి ఉంది. మొన్న శుక్రవారం ఫోనులోనే చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. నువ్వేమో స్పీకరు పెట్టి, "మా గ్రేసీ, మా గ్రేసీ" అని గదిలో వాళ్లందరి చేత నాకు వందనాలు చెప్పించావు. నా నోరు మూసుకుపోయింది.

ముందు గాలి సంగతి. అది మనకు తెలిసిన గాలి కాదు. చల్లగా ఉండదు, మొహానికి తగలదు, దుమ్ము లేపదు. సూర్యుడి పైపొర విపరీతమైన వేడికి తనను తాను పట్టుకోలేక అన్ని వైపులకూ పారిపోతూ ఉంటుంది. అలా వచ్చే పలచని, విద్యుత్తు నిండిన రేణువుల ప్రవాహం పేరు సౌరపవనం. మామూలు రోజుల్లో సెకనుకు నాలుగు వందల కిలోమీటర్లు పోతుంది. రేణిగుంట స్టేషన్లో బయలుదేరితే రెప్ప వేసి తెరిచేలోపు మద్రాసులో ఉంటుంది. అయినా సూర్యుడి నుంచి మన దాకా రావడానికి దానికి నాలుగు రోజులు కావాలి. మధ్యలో అంత దూరం ఉంది.

రోజూ వచ్చే గాలితో మనకు ఇబ్బంది లేదు. భూమికున్న అయస్కాంతం దాన్ని పక్కకు తప్పిస్తుంది. అప్పుడప్పుడు మాత్రం సూర్యుడు అలాంటి రేణువులను ఒక పెద్ద ముద్దగా విసిరేస్తాడు. అది వచ్చి తగిలితే మన ఆకాశంలో చాలా ఎత్తున ఉన్న విద్యుత్ పొర కలత పడుతుంది. ఉపగ్రహాలు కిందికి పంపే సంకేతాలు ఆ పొర దాటే రావాలి కదా, అవి కొంచెం దారి తప్పుతాయి. నీ ఫోను నువ్వెక్కడున్నావో కనిపెట్టేది ఆ సంకేతాలతోనే. చిన్నమ్మ డ్రోను తానెక్కడుందో తెలుసుకునేదీ వాటితోనే. ఫోను పది అడుగులు తప్పు చూపిస్తే మనకు పట్టదు. చెట్ల మీద ఎగిరే డ్రోను పది అడుగులు తప్పితే తీగల్లోకి పోతుంది.

ముద్ద ఎప్పుడొస్తుందో ముందుగా లెక్కకట్టడమే యూనివర్సిటీలో నా ప్రాజెక్టు. బ్రహ్మోత్సవాల రోజుల్లో అలిపిరి మెట్ల దారి గుర్తు తెచ్చుకో. జనం నెమ్మదిగా కదులుతుంటారు. వెనక నుంచి ఒక మనిషి పరుగెత్తుకుంటూ వస్తాడు. మొదట జోరుగా వస్తాడు, జనం అడ్డు తగిలేకొద్దీ వేగం తగ్గిపోతుంది. గాలిగోపురం దగ్గరికి ఎన్నింటికి చేరతాడు? అతని వేగం, జనం వేగం, జనం ఎంత ఒత్తుగా ఉన్నారు, ఈ మూడూ తెలిస్తే చెప్పొచ్చు. పరుగెత్తే మనిషి ఆ ముద్ద, జనం రోజూ వీచే సౌరపవనం. చిక్కు ఏమిటంటే ఆ మూడూ మనకు సరిగా తెలియవు. అంత దూరం నుంచి తీసిన ఫొటోలు చూసి అంచనా వేసుకుంటాం. అందుకని అదే లెక్కను, అంకెలు కొంచెం కొంచెం మారుస్తూ, కంప్యూటరు చేత వంద సార్లు చేయిస్తాను. వంద జవాబులు వస్తాయి. అవి ఒకచోట గుంపుగా ఉండవు. ఇరవై గంటల పొడవున పరుచుకుని ఉంటాయి.

మా యోగానంద సారు ఈ ఏడు ఆ జవాబును తెలుగులో రెండు మూడు వాక్యాలుగా రాయించి, డిపార్టుమెంటు బోర్డు మీదా ఒక వాట్సాప్ గ్రూపులోనూ పెట్టడం మొదలుపెట్టారు. డ్రోన్లు నడిపే పొదుపు సంఘం ఆడవాళ్లు, భూములు కొలిచే సర్వేయర్లు, కొందరు రైతులు ఆ గ్రూపులో ఉన్నారు. రాసే పని నాకిచ్చారు. అప్పటినుంచి నాకు మాటల పిచ్చి పట్టిందమ్మా. బస్సులో పక్కసీటు వాళ్ల మాటలు కూడా రాసుకుంటున్నాను. ఒక వాక్యాన్ని నాలుగు విధాలుగా రాసి, గట్టిగా చదివి, ఏది నోటికి తియ్యగా ఉందో చూసుకుంటాను. లెక్కలో నా మార్కులు నీకు తెలుసు, ఫరవాలేదు అనిపించే రకం. నా వాక్యాలు బాగున్నాయని మాత్రం అందరూ అనేవారు.

ఇక ఆ గురువారం, జనవరి ఇరవై రెండు. మునికృష్ణయ్య మామిడితోటలో పూత కాడలు బయటికొచ్చాయి, తేనెమంచు పురుగు కనబడింది, మందు కొట్టాలి. డ్రోనుతో కొట్టడం చిన్నమ్మకు ఇదే మొదటి ఏడు. ఆమె శిక్షణకు పోయినప్పటి నుంచి ఊళ్లో ఎన్ని మాటలన్నారో నీకు తెలుసు. "ఆనందమ్మ చేతికి విమానం ఇచ్చినారంట, ఊరు ఖాళీ చేయండప్పా" అని టీ అంగడి దగ్గర నవ్వుకునేవారు. డ్రోను ఒక్కసారి కింద పడితే ఇంకెవరూ తోటకు పిలవరని ఆమె భయం. నా భయం ఇంకొకటి. ఆ తోట అంచున కరెంటు తీగలున్నాయి. డ్రోను నిండా మందు ఉంటుంది. కింద మనుషులు ఉంటారు.

మధ్యాహ్నం మూడు కావస్తుండగా నేను డిపార్టుమెంటులో కూర్చుని ఉన్నాను. సూర్యుడికీ మనకూ మధ్య, మన నుంచి పదిహేను లక్షల కిలోమీటర్ల దూరంలో కొన్ని ఉపగ్రహాలు కాపలా ఉంటాయి. గాలి ముందు వాటిని తాకి, తర్వాత మన దగ్గరికి వస్తుంది. తెర మీద వేగం గీత ఒక్కసారిగా నిలువునా లేచింది. మూడు వందల ఎనభై నుంచి ఏడు వందలకు. ముద్ద వచ్చేసింది. ఇంక మన దాకా రావడానికి ముప్పై ఐదు నిమిషాలు.

చిన్నమ్మకు ఫోను చేశాను. ఎగరేసేటప్పుడు ఆమె ఫోను ఆపేసి సంచిలో పెడుతుంది. మళ్లీ చేశాను, మళ్లీ చేశాను. అప్పుడు మా గ్రూపులో మునికృష్ణయ్య నంబరు గుర్తొచ్చింది. ఆయన ఎత్తేసరికి మూడుంబావు దాటింది.

"పెద్దయ్యా, నేను గ్రేసీని. డ్రోను దించమని చిన్నమ్మకు చెప్పండి, బిన్నా! సూర్యుడి గాలి వచ్చేస్తాండాది."

"ఏ గాలి పాపా? ఈడ ఆకు గూడా కదల్లేదు."

"ఆ గాలి కాదు పెద్దయ్యా, పైన..."

"బండి పైనున్నప్పుడు ఎవురూ పలకరించొద్దని మీ చిన్నమ్మే చెప్పిండాది. ఇందాక మంచినీళ్లు కావాల్నా అంటే నా మీద అరిచింది. నా తోటలో, నన్నే!"

"ఈసారి పలకరించండి. అరిస్తే నా పేరు చెప్పండి."

"ఇంగ రెండెకరాలే ఉండాది. అయిపోనీ, చెప్తా."

నేను బతిమాలుతూనే ఉన్నాను. ఆయన ఫోను పెట్టేయలేదు, అదే నాకు దక్కింది. పది నిమిషాలు తన తోట పూత ఎంత బాగుందో చెప్పాడు. అంతలో గొంతు మారింది.

"ఆగు, ఆగు... ఏంది ఇది, పక్కకు పోతాండాదే! మే, ఆనందమ్మా! తీగలకల్లా పోతాండాది సూడు!"

చిన్నమ్మ గొంతు దూరం నుంచి వినబడింది. "చెట్టు కిందికి పోండి పెద్దయ్యా! ఆడ నిలబడొద్దండి!"

"ఇంటికొచ్చే బటన్ నొక్కు మే! ఆ ఎర్ర బటన్!"

"నోరు మూసుకోండి సామీ!"

ఆ మాట నాకు ఇక్కడ తిరుపతిలో స్పష్టంగా వినబడింది. తర్వాత డ్రోను చప్పుడు దగ్గరైంది, పెద్దదైంది, ఏదో విరిగిన శబ్దం వచ్చింది, అన్నీ ఆగిపోయాయి. నేను బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. చివరికి ఆయన ఊపిరి వినబడింది.

"దిగింది పాపా. దిగేసింది. ఒక కొమ్మ ఇరిగింది, అంతే. మీ చిన్నమ్మ నన్ను తిట్టింది, నువ్వు ఇన్నావా?"

"లేదు పెద్దయ్యా, వినలేదు" అన్నాను.

శనివారం సంఘం సమావేశంలో ఆయనే లేచి, చేతులు ఊపుతూ కథ చెప్పాడు. "ఈ పాప తిరుపతిలో కూర్చోని ఈడికొచ్చే గాలిని కనిపెట్టింది. ఫోను చేసింది, పది నిమిషాల్లో గాలి రానే వచ్చింది!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. చిన్నమ్మ కూడా చప్పట్లు కొట్టింది. ఫొటో తీసి నీకు పంపింది కూడా ఆమే. నీకు తెలిసిన కథ ఇక్కడితో అయిపోయింది.

అమ్మా, ఇప్పుడు మిగతాది.

ఆ ముద్ద సూర్యుడి నుంచి మంగళవారం బయలుదేరింది. బుధవారం ఉదయం నేను వంద లెక్కలు చేయించాను. జవాబులు గురువారం ఉదయం పది నుంచి శుక్రవారం ఉదయం ఆరు దాకా పరుచుకుని ఉన్నాయి. గురువారం రాత్రి ఎనిమిది దగ్గర కొంచెం ఒత్తుగా ఉన్నాయి. ఇలాంటప్పుడు మొదటి గంటా చివరి గంటా రెండూ రాయాలనేది సారు పెట్టిన నియమం. రాశాను. చదివాను. టెండరు ప్రకటనలా ఉంది. ఇంత పెద్ద విషయాన్ని, సూర్యుడి నుంచి మన ఇంటికి వస్తున్నదాన్ని, "ఉదయం పది నుంచి మరునాడు ఉదయం ఆరు మధ్య" అని రాయడానికి నాకు మనసొప్పలేదు. ఇరవై గంటల్లో ఎప్పుడైనా రావచ్చంటే అది ఎవరికి పనికొస్తుందిలే అనీ అనుకున్నాను. ఆ రోజు సారు నగరిలో బంధువుల ఇంటి గృహప్రవేశానికి వెళ్లారు, చూసి దిద్దడానికి లేరు. నేను ఇలా రాసి గ్రూపులో పెట్టాను: "సూర్యుడి దగ్గర బయలుదేరిన గాలి గురువారం రాత్రి ఎనిమిది గంటలకు మన గడపలో అడుగు పెడుతుంది."

ఎంత బాగుందో అని నాలుగుసార్లు చదువుకున్నాను.

సాయంత్రం చిన్నమ్మ ఫోను చేసింది.

"ఎనిమిదంటే ఎనిమిదేనా గ్రేసీ?"

"ఎనిమిదే చిన్నమ్మా."

"ముందొస్తే?"

"రాదు చిన్నమ్మా. లెక్క కట్టినాను."

"అయితే పైటాల పెట్టుకుంటా. సందేళకు ముగించేస్తా."

ఆమె అడిగినప్పుడు నా ఎదుట తెర మీద ఆ వంద గీతలూ ఉన్నాయి. అందులో ఇరవై ఒకటి సాయంత్రం నాలుగు కంటే ముందే ఉన్నాయి. వాటిని చూస్తూనే "రాదు" అన్నాను. రావచ్చు అంటే నేను రాసిన వాక్యాన్ని నేనే కొట్టేయాలి. అది చేయలేకపోయాను. ఆమె ఆ మధ్యాహ్నం డ్రోను ఎగరేసింది నా మాట నమ్మే. తర్వాత నేను చేసిన ఫోను ఆమెకు అందనే లేదు. డ్రోనును కాపాడింది నేను కాదు. ఆపదలోకి పంపింది నేను.

కాపాడింది మీ చెల్లెలు. ఆమె చేతిలోని తెర మీద డ్రోనుకు ఎన్ని ఉపగ్రహాలు అందుతున్నాయో అంకె కనబడుతూ ఉంటుంది. పద్దెనిమిది ఉన్నది తొమ్మిదికి పడిపోవడం ఆమె గమనించింది. ఇంటికొచ్చే బటన్ నొక్కి ఉంటే, తానెక్కడుందో తెలియని డ్రోను ఇల్లనుకుని తీగల వైపే పోయేది. ఆమె నొక్కలేదు. ఉపగ్రహాల సాయం పూర్తిగా ఆపేసి, కేవలం చేత్తో, కంటితో చూస్తూ దించింది. శిక్షణలో దాన్ని ఒక్కరోజే చూపించారట. ఈమె మాత్రం ప్రతి ఆదివారం చర్చి అయ్యాక బడి మైదానంలో, ఖాళీ ట్యాంకుతో, ఆ ఒక్కటే సాధన చేసేది. "బటన్ ఉండాది గదా, ఎందుకు మే ఈ తిప్పలు" అని తోటివాళ్లు ఎగతాళి చేసేవారట.

శాలువా కప్పించుకున్నాక వారం రోజులు ఎవరికీ చెప్పలేదు. అన్నం సయించలేదు. అంతా సవ్యంగా అయిపోయింది కదా, ఎవరికీ ఏమీ కాలేదు కదా అనుకున్నాను. అప్పుడు నీ ఉత్తరం వచ్చింది. "నేను పనిచేసే ఇంట్లో పెద్దామెకు కూడా నీ ఫొటో చూపించినా. ఆమె నా చెయ్యి పట్టుకుని నవ్వింది" అని రాశావు చూడు, ఆ వాక్యం చదివి ఇంక దాచలేకపోయాను. మరుసటి ఆదివారం ఊరికి వెళ్లాను. చిన్నమ్మ వరండాలో కూర్చుని గుండుసూదితో డ్రోను నాజిళ్లు శుభ్రం చేస్తోంది.

"చిన్నమ్మా, ఆ పొద్దు నా మాట తప్పు" అన్నాను.

"తెల్సు. ఎనిమిదన్నావు, మూడున్నరకే వచ్చింది. గడియారం నాకూ ఉండాది."

"అది కాదు. ముందొచ్చేదానికి వీలుండాదని నాకు తెల్సు. నువ్వు అడిగినప్పుడే తెల్సు."

ఆమె చేతిలో సూది ఆగిపోయింది. "తెలిసి చెప్పలేదా?"

"ఊ."

"లెక్క తప్పిందేమో అనుకున్నా మే. లెక్క తప్పితే ఏముండాది? వాన లెక్క రోజూ తప్పుతాండాది. తెలిసి చెప్పకపోతే అది ఏరే." సూది కింద పెట్టి, "ఎందుకు చెప్పలేదు?" అంది.

"రాస్తే వాక్యం బాగలేదు చిన్నమ్మా. సదివేదానికి..."

"ఏంది? అంత బరువుండేదాన్ని గాల్లో పెట్టుకోని నేను కింద నిలబడుకుంటే, నీకు సదివేదానికి బాగుండాల్నా?"

ఆమె ఇంకో సూది, ఇంకో నాజిలు నా ముందుకు తోసింది. నేను శుభ్రం చేయడం మొదలుపెట్టాను. రెండోది చేస్తుండగా అడిగింది.

"ఇంతకీ ఎంత సందు ఉండాది, ఆ లెక్కలో?"

"పది గంటలు అటు, పది గంటలు ఇటు."

"అంతేనా!" అంది. నిజంగా ఆశ్చర్యపోయింది. "ఒక పొద్దు ఆపుకుంటే పాయె గదా. పురుగు ఒక్క పొద్దులో తోటంతా తినేస్తాదా? ఇంగమీద నాకు రెండు గంటలు చెప్పు. మొదలు ఎప్పుడు, కడాకు ఎప్పుడు. నడాన ఎప్పుడొచ్చేదీ సూర్యుడి ఇష్టం."

ఎవరికీ పనికిరాదని నేను కోసేసింది ఆమెకు అన్నిటికంటే పనికొచ్చే ముక్క. అది విన్నాక నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఓదార్చలేదు. నా కన్నీళ్లు నాజిల్లో పడకుండా పక్కకు జరుపుకుంది, అంతే. కాసేపయ్యాక నేనే అడిగాను, నా మాటతోనే డ్రోను దక్కిందని నీకు ఎందుకు చెప్పిందని.

"మీ అమ్మ పరాయి ఇంట్లో పన్జేస్తాండాది. చెప్పుకునేదానికి ఒక మాట ఉండనీ అనుకున్నా" అంది. "ఇప్పుడు నువ్వే రాయి. ఫోన్లో వద్దు, స్పీకరు పెడతాది."

అందుకే రాస్తున్నానమ్మా. నీకు చెప్పుకోవడానికి మాట తక్కువేమీ కాలేదు. మనిషి మారింది, అంతే. శుక్రవారం ప్రార్థన అయ్యాక, తీగల వైపు పోతున్న యంత్రాన్ని చేత్తో దించిన మీ చెల్లెలి కథ చెప్పు. నిజం దాచిన కూతురి సంగతి కూడా చెబితే నాకు కోపం లేదు. ఆ పెద్దామెకు నువ్వు ఎలా చెబుతావో, నీకొచ్చిన అరబ్బీ మాటల్లో "సందు" అని ఎలా అంటావో నాకు తెలుసుకోవాలని ఉంది. ఆ మాట రాసి పంపు.

సోమవారం యోగానంద సారుకు చెప్పాను. ఆయన ముందు గీతలన్నీ తిరిగి చూశారు. "మోడల్ నాలుగున్నర గంటలు తప్పింది. ఇంత దూరం నుంచి వచ్చేదానికి అది చాలా మంచి సూచన. తప్పు మోడల్‌ది కాదు, గ్రేసీ" అన్నారు. తర్వాత, "అందంగా రాయొద్దని నేనెప్పుడూ అనలేదే. సందు మాత్రం ఉంచి, ఎంత అందంగానైనా రాసుకో" అన్నారు. ఆయన నన్ను తీసేస్తారనుకున్నాను. తీసేయలేదు. సవరణ రాసి, కింద నా పేరు పెట్టమన్నారు. రాశాను. ఎనిమిది గంటలని ఒకటే రాయడం తప్పని, ఉదయం పదికైనా రావచ్చని నాకు తెలిసి కూడా రాయలేదని, డ్రోను దించింది కె. ఆనందమ్మగారి నైపుణ్యమని రాసి బోర్డు మీదా గ్రూపులోనూ పెట్టాను. ఆ వాక్యాల్లో అందం ఏమీ లేదు. గంటసేపు ఫోను వైపు చూడలేదు. చూస్తే మునికృష్ణయ్య పెట్టిన వాయిస్ మెసేజి ఉంది.

"అయితే ఆ శాలువా ఎవురికి కప్పాల్సిండె పాపా?"

దాని కింద చిన్నమ్మది. "నాకే! ఇంగెవురికి? నోరు మూసుకోమన్నందుకు మీరే కప్పాల." శాలువా ఇప్పుడు ఆమె దగ్గరే ఉంది. ఎండ మండుతున్నా కప్పుకుని తిరుగుతోందట.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మొన్న మంగళవారం సూర్యుడు ఇంకో ముద్ద విసిరాడు. మళ్లీ వంద లెక్కలు చేయించాను. ఇలా రాశాను: "గురువారం మధ్యాహ్నం పన్నెండు నుంచి శుక్రవారం ఉదయం ఎనిమిది లోపల ఎప్పుడైనా రావచ్చు. మన పక్కనుంచి వెళ్లిపోయి, అసలు రాకపోనూ వచ్చు." సరిగ్గా గురువారమే మునికృష్ణయ్య తోటకు రెండో విడత మందు కొట్టాలి. చిన్నమ్మ శుక్రవారానికి వాయిదా వేసింది. ఆయన నాకు ఫోను చేశాడు.

"రాకపోనూ వచ్చనేదానికి తిరుపతికి పోయి సదవాల్నా పాపా? ఆ మాట మా ఎద్దు గూడా చెప్తాది."

నాకు నవ్వొచ్చింది. "మీ ఎద్దును గ్రూపులో చేర్చండి పెద్దయ్యా" అన్నాను. ఆయన కూడా నవ్వాడు.

గురువారమంతా తెర ముందు కూర్చున్నాను. వేగం గీత కదల్లేదు. మధ్యాహ్నం కదల్లేదు, సాయంత్రం కదల్లేదు. శుక్రవారం ఉదయం వచ్చి చూస్తే రాత్రంతా కూడా అది అలాగే పడుకుని ఉంది. ఎనిమిది దాటింది. ముద్ద పక్కనుంచి పోయింది. చిన్నమ్మకు ఫోను చేశాను. నా కోసం ఒక రోజు పోగొట్టుకున్న మనిషితో ఏమనాలో ముందే రెండు మూడు వాక్యాలు ఆలోచించి పెట్టుకున్నాను. అవేవీ నోటికి రాలేదు.

"రాలేదు చిన్నమ్మా."

"రాకపోతే పాయె. రాకపోవచ్చని చెప్పినావు గదా" అంది. వెనక బక్కెట్లో మందు కలుపుతున్న చప్పుడు వినబడుతోంది. "ఇంగ పెట్టు ఫోను. ఆపేసి సంచిలో ఏసుకోవాల. మునికృష్ణయ్య ఈడ కాళ్లు కాలిన పిల్లి మాదిరి తిరుగుతాండాడు."

నేను బోర్డు దగ్గరికి వెళ్లి, నా కాగితం కింద "రాలేదు" అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టాను. తర్వాత క్యాంటీనుకు పోయి నాలుగు ఇడ్లీలు తిన్నాను. అవి చాలక ఇంకో రెండు పెట్టించుకున్నాను.

ఇట్లు,
తిట్టినా సరే, నీ జవాబు కోసం చూసే
నీ కూతురు
గ్రేసీ